బానెట్ మీద బొట్టు

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం. బండికి బొట్టు పెడితే అందులోకి దేవుడు వస్తాడా, లేక ముందే ఉన్న దేవుణ్ణి మనం మరిచిపోకుండా ఉండటానికి పెట్టుకుంటామా? మా వారు మొదటి స్కూటరు కొన్నప్పుడు గుళ్ళో పూజారిగారిని అడిగాను. ఆయన చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతూ, "వెనకాల ఇంకా బళ్ళున్నాయమ్మా, కాస్త జరుగు" అన్నారు. జరిగాను. మళ్ళీ ఎవరినీ అడగలేదు.

సందేహం ఉందని బొట్టు మానలేదు. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, దేవుడి అరలోంచి తడి పసుపు, కుంకుమ తీసుకుని కిందికి దిగి, బండికి పెట్టి వచ్చాకే కాఫీ తాగేదాన్ని.

పోయిన వారం నా కథను, షోరూమ్ స్తంభం వెనక నేను నిలబడిన చోట ఆపాను. ఎందుకు నిలబడ్డానో గుర్తుచేస్తాను. మా వారు రంగనాథం మద్రాసు పురసవాక్కంలో చీరల కొట్టు నడిపేవారు. అన్నేళ్ళూ పాత బళ్ళే కొని, ఈసారి మొదటిసారిగా కొత్త కారు బుక్ చేశారు. అది వచ్చేలోపలే ఒక మధ్యాహ్నం కొట్లో, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నేను ఏడవలేదు. ఏడుస్తానేమోనని అందరూ నా మొహం వైపు చూశారు, చూసి చూసి మానేశారు. అప్పటినుంచీ చెవికి మాటలు వినబడతాయి, నోటికి అన్నం తగులుతుంది, అంతే. ఆ కారు మా అబ్బాయి శ్యామ్ పేరు మీద వచ్చింది. డెలివరీ రోజు మా వారి అక్క చెల్లమ్మ వదిన వ్యాసర్పాడి నుంచి ఆరతి పళ్ళెంతో వచ్చి, "రాజీ, నువ్వు కొంచేపు ఆ స్తంభం ఎనక ఉండు. శుభమా అని చేస్తాండాము, ఎదురు రావద్దు" అంది. ఉన్నాను. వదిన పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, ఆ నీళ్ళలోనే వేలు ముంచి బానెట్ మీద మూడు చుక్కలు పెట్టింది.

ఆ చుక్కలే ఇప్పుడు మమ్మల్ని షోళింగనల్లూరులో కార్లకు పాలిష్ పట్టే షెడ్డుకు రప్పించాయి.

మద్రాసు ఎండలో ఒక్క పగలు నిలిచేసరికి సున్నపు చుక్కలు రంగులోకి దిగిపోయాయి. ముదురు నీలం బండి మీద మూడు తెల్లటి వలయాలు. శ్యామ్ ఆఫీసు నుంచి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. మరునాడు పొద్దున్నే వదిన మళ్ళీ వచ్చింది, తన తప్పు తానే దిద్దుకుందామని. మేమెవరమూ కిందికి దిగకముందే, ఇత్తడి కుందులు తోమినట్టు, చింతపండు ముద్దతో, కొబ్బరి పీచుతో ఆ మూడు చుక్కలూ తోమింది. చుక్కలు పోలేదు. వాటి చుట్టూ జానెడు మేర గీతలు పడ్డాయి.

షెడ్డు శ్యామ్ ఆఫీసుకు దగ్గరే. అద్దాల మేడల వెనక సందులోకి తిరిగితే రేకుల కప్పు, లోపల వరసలుగా ట్యూబులైట్లు. నడిపేది సీతారామారావుగారని ఒక పెద్దాయన. రాజమండ్రి వైపు మనిషి, సినిమాల్లో ఆర్ట్ డిపార్టుమెంటులో చేరి, సెట్లకు తెచ్చే బళ్ళకు రంగులేస్తూ ఇక్కడే ఉండిపోయాడట. మెడలో తువ్వాలు, చెవి మీద పెన్సిలు. బానెట్ మీదికి లైటు దించి, వంగి చూసి, వేలితో తడిమి, మా ముగ్గురి మొహాలూ చూశాడు.

"సున్నం తెలుస్తోందండి. ఈ గీతలేవిటండి, పిల్లి గాని గోకిందా?"

శ్యామ్ నేల వైపు చూశాడు. నేను వదిన వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను.

"చింతపండు" అంది వదిన.

"చింతపండు?"

"ఆమా. నేనే తోమినాను. ఇత్తడి మీద ఎంత మొండి మరకైనా పోతాది. ఇది పోలా. మీరు అమ్మే రంగు అంత పస లేనిది."

రావుగారు నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రంగు నేను అమ్మలేదండి. కంగారు పడకండి, పైపొర వరకే దిగింది. పాలిష్ పట్టిస్తే పోతుంది. కాని పాలిష్ అంటే పైపొర కాస్త అరగదీయడవేనండి, మాటిమాటికీ చేసేది కాదు. అందుకని ఇప్పుడే దీనికి ఏదో ఒక కాపు వేయించుకోవాలి."

మూడు రకాలున్నాయని చెప్పాడు. మైనం రుద్దితే మెరుపు బాగానే వస్తుందట, కాని సినిమా వాళ్ళ పౌడరు లాంటిది, షాటు అయ్యేదాకా ఉంటుంది. మన ఎండకు, సముద్రం మీది ఉప్పు గాలికి రెండు మూడు నెలల్లో పోతుంది. రెండోది సిరామిక్. గాజులా గట్టిపడే పూత. నీళ్ళు పడితే ముత్యాల్లా జారిపోతాయి, మెరుపు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాని రాయి తగిలితే ఆపలేదు, తోమితే గీత పడుతుంది, సున్నం లాంటి ఘాటు పదార్థం ఎండలో ఆరిపోతే దాని మీదా మచ్చ పడుతుంది. మూడోది ఫిల్మ్. కంటికి కనబడని మందపాటి తొడుగు. రాయి దెబ్బ, గీత అదే భరిస్తుంది. మరక పడితే తుడవొచ్చు, పోకపోతే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. కింద రంగు రంగులాగే ఉంటుంది. మెరుపులో మాత్రం సిరామిక్ కంటే ఒక వీసం తక్కువ.

"బండంతా సిరామిక్ వేసేయండంకుల్" అన్నాడు శ్యామ్. "ఫిల్మ్ అవసరం లేదు. బానెట్ మీద ప్రతి శుక్రవారం కుంకుమ పెడతాండింది అమ్మ. ఇంగ ఎవురు పెడతారు?"

వాడు చెడ్డగా అనలేదు. లెక్కలో ఒక అంకె కొట్టేసినట్టు అన్నాడు. నాకూ ఏమీ అనిపించలేదు. షెడ్డు గోడ మీద ఒక బల్లి ట్యూబులైటు చుట్టూ తిరుగుతోంది, దాన్ని చూస్తున్నాను.

రావుగారు పెన్సిలు చెవి మీంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "శుక్రవారాలాండి? పురసవాక్కమన్నారు కదూ మీది. ముదురు నీలం బండి... రంగనాథంగారి తాలూకానా మీరు? ఆయన రాలేదేవండి?"

శ్యామ్ చెప్పాడు. పెద్దాయన బానెట్ మీది లైటు ఆర్పేశాడు. తరువాత, "నాకు తెలీదండి. పనిలో పడి మరిచిపోయారనుకున్నాను" అన్నాడు.

"అప్పా ఈడికి వచ్చినారా?" అన్నాడు శ్యామ్. "ఈ షెడ్డు గురించి నేనే చెప్పినాను ఒకసారి. వచ్చినట్టు చెప్పలేదే."

"వచ్చారండి. చాలాసార్లు. రండి, చూపిస్తాను."

షెడ్డు వెనక పెరడులాంటి ఖాళీ జాగా. ఎండ నిట్టనిలువునా పడుతోంది. అక్కడ రెండు ఇటుకల మీద ఏదో పాత బండి బానెట్ పెట్టి ఉంది. తెల్ల టేపుతో దాన్ని నాలుగు గళ్ళు చేశారు. ఒక్కో గడిలో ఒక్కో బొట్టు.

"ఈ గడిలో ఏమీ వెయ్యలేదండి, ఒట్టి రంగు. ఇది మైనం, ఇది సిరామిక్, ఇది ఫిల్మ్" అని రావుగారు వేలితో చూపించాడు. "ఆయన శుక్రవారం శుక్రవారం మధ్యాహ్నంగా వచ్చేవారు. జేబులో కుంకుమ పొట్లం, చిన్న సీసాలో తడి పసుపు. మీ ఇంట్లో కుంకుమే కావాలట, కొట్లో కొన్నది పనికిరాదట. ముందు పసుపు, అది ఆరకముందే కుంకుమ. మా ఆవిడ ఇలాగే పెడుతుంది అని నాకు నేర్పారు కూడాను. నాలుగు గళ్ళలో పెట్టి, ఎండలో వదిలేసి, మళ్ళీ వారం వచ్చి తుడిచి చూసేవారు. ఏది తట్టుకుంటుందో తేలేదాకా మాట్లాడనన్నారు."

ఒట్టి రంగు మీద బొట్టు లోపలికంటా తినేసి ఉంది. మైనం మీద పసుపు ఛాయ. సిరామిక్ మీద వెతికితే కనబడే పల్చటి వలయం. రావుగారు తువ్వాలు తడిపి ఫిల్మ్ గడిలో బొట్టు తుడిచాడు. ఏమీ మిగల్లేదు.

"చివరిసారి వచ్చినప్పుడు తేల్చేశారండి. బండంతా సిరామిక్, బానెట్‌కి మాత్రం ఫిల్మ్. 'నాకు మెరుపు కావాలి, ఆవిడకు శుక్రవారం కావాలి, రెండూ దక్కాయి' అన్నారు. ఆ మాట అనుకుని నేనూ మా కుర్రాళ్ళూ తరువాత కూడా నవ్వుకున్నాం."

మిగిలిన మూడు బొట్లనూ చూశాను. నేను పెట్టేది ఉంగరం వేలితో, చిన్నగా వస్తుంది. ఇవి బొటనవేలి బొట్లు. వెడల్పుగా, కొంచెం పక్కకు వాలి ఉన్నాయి. ఇప్పుడు ఏడుపు రావాలి కదా అనుకున్నాను. నిలబడ్డాను. రాలేదు. కాళ్ళ కింద నేల కాలుతోంది. చెప్పులు లోపల వదిలేశానని అప్పుడు తెలిసింది.

చెల్లమ్మ వదిన నా చెయ్యి పట్టుకుని నీడలోకి లాగింది. "పాపం వాడి ఆశ వాడిది" అంది. ముక్కు చీదుకుని, రావుగారి వైపు తిరిగింది. "అయ్యా, ఆ తొడుగు వొద్దు. బిడ్డ చెప్పినట్ట ఆ గాజు పూత చాలు. పండగకు పండగకు నేనొచ్చి పెడతా, సున్నం లేకుండా పెడతా."

"అత్తా, సరి, అట్లే చేద్దాం" అన్నాడు శ్యామ్, గొడవ లేకుండా తీరిపోయిందన్న మొహంతో.

రావుగారు నన్ను చూశాడు. "అమ్మగారు ఏవంటారండి?"

ఈ నాలుగు నెలల్లో నన్ను ఒకరు ఏదైనా అడగడం అదే మొదలు. ఏ చీర కట్టుకోవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు తినాలో చెప్పారు. అడగలేదు. జవాబు వెతుక్కోవడానికి కాస్త ఆలస్యమైంది.

"వదినా, ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు" అన్నాను.

"అడుగు."

"కుంకుమ నాది కాదు కదా. అమ్మవారి ముందు పెట్టి తీసుకుంటాండేది. ఆయన పొయినాక నా నుదుట్లో లేకుండా పొయింది. సరి, ఒప్పుకున్నా. నా చేతికి ఏమైంది?"

వదిన భుజం మీది సంచి కిందికి దించింది. "నేను పెట్టిన ఆచారమా ఇది? మా అమ్మకు చెప్పినారు, మా అమ్మ నాకు చెప్పింది. నాయన పొయినాక మా అమ్మ నా పెండ్లిలో వంటింట్లో కూసోనుండింది. బైటికి రాలా. రమ్మంటే రాలా."

"ఆమెను వంటింట్లో కూసోమని అమ్మవారు చెప్పిందా?"

"అమ్మవారిని మధ్యలో లాగొద్దు రాజీ." వదిన గొంతు తగ్గించింది. కుర్రాళ్ళు పని ఆపి మమ్మల్ని చూస్తున్నారు. "ఆ బండిలో దినమూ పొయ్యేది వాడు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్ట వస్తాండాయో చూసినావు కదా. రేపు వాడికి ఒక గీత పడినా జనం ఏమంటారు? ముండమోసినామె బొట్టు పెట్టింది, అందుకే అంటారు. నీ చేతి మీద పడతాది ఆ మాట. తట్టుకుంటావా? నేను నీ మంచికే కదా చెప్పేది."

ఆమె నా మంచికే చెబుతోంది. అందులో నాకు అనుమానం లేదు. ఆ మాట బయటకి అనేశాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కూడా. శ్యామ్ "అత్తా" అని ఆగిపోయాడు. నేను వాడిని చూశాను. చొక్కా జేబుకు ఆఫీసు కార్డు వేలాడుతోంది. వాడికి ఏమైనా అయితే? ఆ ప్రశ్న నా లోపలికి వెళ్ళింది, కాని ఎక్కడా తగల్లేదు. తగిలే చోటంతా ముందే మొద్దుబారి ఉంది. బహుశా అందుకే నోరు పలికింది.

"వదినా, మీ తమ్ముడి బండికి ప్రతి శుక్రవారం నేనే పెట్టినాను. అప్పుడు నాకు అన్నీ ఉండినాయి. ఆయన బండిలో పోలేదు. కుర్చీలో పొయినారు. ఆ మాట ఎవురి చేతి మీద పడింది?"

రోడ్డు మీద ఆఫీసు వ్యాన్ల హారన్లు వినబడుతున్నాయి.

"బానెట్‌కు ఫిల్మ్ వెయ్యండి" అన్నాను రావుగారితో. "మిగిలినదంతా ఆయన చెప్పినట్టే."

వదిన పళ్ళెం ఉన్న సంచి భుజానికి తగిలించుకుంది. "నేను బస్సులో పోతా" అంది. శ్యామ్ వెంటపడ్డాడు, "అత్తా, ఇరు అత్తా, ఉండు, నేను క్యాబ్ పెడతా" అంటూ. ఆమె వెనక్కి చూడలేదు. ఎండలో ఆమె చీర అంచు నేల మీద రాసుకుంటూ పోవడం కనబడింది. అది మా వారు కొట్లోంచి ఏరి పంపిన చీరే. వెళ్ళి ఆపాలని తోచింది. తోచినట్టే ఉండి పోయింది.

ఇంటికి వచ్చి దేవుడి ముందు దీపం పెట్టాను. నేను చేసింది తప్పా అని అడిగాను. పెద్దవాళ్ళు ఇన్ని తరాలు చెప్పినదాన్ని నేను ఒక రేకుల షెడ్డులో నిలబడి కాదన్నాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది. అవునని గాని కాదని గాని అది ఎన్నడూ చెప్పలేదు.

బండి సిద్ధమైందని రావుగారు ఫోన్ చేసిన రోజున శ్యామ్ సెలవు పెట్టాడు. అది శుక్రవారం కావడం వాడు గమనించాడో లేదో తెలియదు. నేను తలస్నానం చేసి వచ్చాను. కుంకుమ తీసుకుందామని దేవుడి అర దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాపి, తీసుకోకుండానే వచ్చేశాను. ఫిల్మ్ వేయించడానికి నోరు వచ్చింది, చేతికి ధైర్యం రాలేదు.

షెడ్డులోకి అడుగుపెడితే, ప్లాస్టిక్ కుర్చీలో చెల్లమ్మ వదిన కూర్చుని ఉంది. వ్యాసర్పాడి నుంచి రైలు, బస్సు మారి మాకంటే ముందే వచ్చింది. రావుగారు ఇచ్చిన టీ ఆమె చేతిలో చల్లారిపోయి ఉంది. శ్యామ్ ఆగి, "అత్తా, చెప్పి ఉంటే నేను వచ్చి తీసుకొస్తా కదా" అన్నాడు.

"నువ్వు పొయి బండి చూసుకో పో" అంది.

బండి లైట్ల కింద నల్లటి నీళ్ళలా నిలబడి ఉంది. మూడు వలయాలూ లేవు, గీతలూ లేవు. రావుగారు ఒక చెంబెడు నీళ్ళు తలుపు మీద పోసి చూపించాడు. నీళ్ళు ఆగకుండా జారి పోయాయి. బానెట్ అంచు దగ్గర గోటితో తడిమితేనే తెలిసే సన్నటి గీత, ఫిల్మ్ అక్కడితో ముగుస్తుందని. "అతికించి మూడు రోజులు ఆరనిచ్చానండి. ఇక ఏం పెట్టుకున్నా ఫరవాలేదు, ఎర్రనీళ్ళు తప్ప" అని వదిన వైపు ఒక చూపు చూశాడు.

"ఆ చింతపండు కత ఇంగ ఎన్ని దినాలు చెప్పుకుంటారు మీరు" అంది వదిన, లేస్తూ.

నేను బానెట్ ముందు నిలబడ్డాను. అందులో ట్యూబులైట్ల గీతలు, వాటి మధ్య నా మొహం. ఆ మొహం మీద కళ్ళు నిలపకుండా పక్కకు చూశాను.

వదిన వచ్చి నా పక్కన నిలబడింది. సంచిలో చెయ్యి పెట్టి, పాత రుమాలులో చుట్టినదేదో తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చూశాను. నా వెండి కుంకుమ భరిణ. మా పుట్టింటివాళ్ళు పెళ్ళిలో ఇచ్చింది, మూత మీద చిలక ఉంటుంది. వదిన కూతురు జనని పెళ్ళికి, ఒక్క పూటకని అడిగి తీసుకెళ్ళింది. తరువాత ఏ పండగకూ అది తిరిగి రాలేదు. ఇచ్చినదాన్ని నేను అడగలేకపోయాను, తీసుకున్నామె ఆ మాటే ఎత్తలేదు. ఇప్పుడు జనని పిల్లలు బడికి పోతున్నారు.

"జనని ఇయ్యనంటాండింది, దానికి ఆ చిలక మీద ఆశ" అంది వదిన. "నిన్న పొయి అడిగి తెచ్చినాను. మూత కాడ కొంచెం నొక్కుకు పొయింది, చూసుకో."

మూత తీశాను. నిండుగా కుంకుమ.

"వదినా..."

"నన్ను చెప్పనీ. తమ్ముడు ఆ మధ్యాన్నం నాకు ఫోన్ చేసినాడు. కొట్లోనుంచే. నీకు చెప్పమని ఒక మాట చెప్పినాడు." ఆమె నా మొహం చూడకుండా బానెట్ వైపే చూస్తూ మాట్లాడింది. "నేను చెప్పలా. ఇన్ని దినాలూ చెప్పలా. ఈ బొట్టుకు నేను ఎందుకు అడ్డం పడినానో ఆ మాట ఇంటే నీకే తెలుస్తాది."

"ఏమన్నారు?"

"చెప్తా. చెప్పడానికే వచ్చినా. బండికి తరవాత పెడుదువు గాని, ముందు నాకు పెట్టు."

ఆమె భర్త ఉన్న మనిషి. నా చేత్తో. ఆమె ఏం అడుగుతోందో ఆమెకు తెలుసు. బండి అవతలి పక్క నుంచి శ్యామ్, రావుగారు ఇటు తిరిగి చూశారు. ఉంగరం వేలు భరిణలో పెట్టాను. కుంకుమ చల్లగా, మెత్తగా తగిలింది. తగిలిందని నాకు తెలిసింది.

వదిన కళ్ళు మూసుకుని నుదురు ముందుకు వంచింది. పొద్దున పెట్టుకున్న బొట్టును నేను వచ్చేలోపలే ఆమె తుడిచేసుకుని ఉంది.